చివరిసారి సరిగ్గా తిన్నది అక్రాలో

ఆ శనివారం నేస్‌లో ఎండ విరగ్గాసింది. ఐర్లండ్‌లో ఎండ కాసిందంటే మా వీధి వీధంతా ఇళ్ళ బయటే ఉంటుంది. ఎదురింటివాళ్ళు బార్బెక్యూ పెట్టారు. పక్కింటావిడ కంచె మీంచి తొంగిచూసి, అబ్బ, మాడిపోతున్నాం కదూ అని నవ్వుతూ పలకరించింది. అప్పటికి నేను స్వెట్టరు మీద మావారి జాకెట్ తొడుక్కుని, చెవులు కప్పేలా చున్నీ చుట్టుకుని ఉన్నాను. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆవిడకేం జవాబు చెప్పానో ఇప్పటికీ గుర్తు లేదు.

లోపలికొచ్చి వంటింటి అల్మరాలోంచి స్టీలు గ్లాసు తియ్యబోతే చేతిలోంచి జారి గిరగిరా తిరిగింది. మావారు మూర్తి పరిగెత్తుకొచ్చారు.

"ఏంటే, అలా వణికిపోతున్నావ్?"

"ఏం లేదండీ, వేడి చేసినట్టుంది."

వణుకుతూ వేడి చేసిందన్న మనిషిని చూసి ఆయన ఏమనుకున్నారో గానీ, నాకు మాత్రం అది ఎంతో సబబుగా అనిపించింది. దానికో కారణం ఉంది. అంతకు రెండు వారాల ముందే ఘానా రాజధాని అక్రా నుంచి తిరిగొచ్చాను. మా కంపెనీ బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ చేస్తుంది. అక్కడొక బ్యాంకులో కొత్త సిస్టమ్ మొదలుపెట్టేటప్పుడు దగ్గరుండి చూసుకోమని నన్ను పంపారు. వెళ్ళేముందు ట్రావెల్ క్లినిక్‌లో మలేరియా రాకుండా డాక్సీసైక్లిన్ మాత్రలిచ్చారు. అక్కడున్నన్నాళ్ళూ రోజుకొకటి, తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలని మరీ మరీ చెప్పారు. అక్కడున్నన్నాళ్ళూ బుద్ధిగా వేసుకున్నాను. గుండెల్లో మంట, నోట్లో పొక్కులు. డబ్లిన్‌లో విమానం దిగిన మర్నాడే ఆపేశాను. ఐర్లండ్‌లో మలేరియా దోమ ఎక్కడుందని? మజ్జిగ తాగాను, సబ్జా గింజలు నానబెట్టుకు తాగాను, మంట తగ్గింది. నా వైద్యం మీద నాకే గౌరవం కలిగింది. పైగా కాకినాడలో పుట్టి పెరిగినదాన్ని, చిన్నప్పుడే మలేరియా వచ్చిపోయింది, దోమలు నన్నేం చేస్తాయన్న ధీమా ఒకటి.

మంట అంతగా ఉంటే క్లినిక్‌కి ఫోన్ చేసి చెప్పొచ్చనీ, వేరే రకం మాత్ర ఇస్తారనీ తోచనే లేదు. మన ఇళ్ళలో మందు పడకపోతే మానేస్తాం. మార్చమని అడగడం మనకి అలవాటు లేని పని.

ఆ రెండు రోజులూ ఇంటి వైద్యమే నడిచింది. ఇండియా నుంచి తెచ్చిపెట్టుకున్న జ్వరం మాత్రలు, మిరియాల చారు, తలకి తడిగుడ్డ. జ్వరం చెమటలు పట్టించి దిగేది, ప్రాణం లేచొచ్చేది, ఇక తగ్గిపోయిందనుకుని లేచి కూర్చునేదాన్ని. మధ్యాహ్నానికి మళ్ళీ చలి. మంగళవారం మావారు నన్ను జీపీ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ మంచి డాక్టరు, మా అమ్మాయి పుట్టినప్పటి నుంచీ మమ్మల్ని చూస్తోంది. గొంతు చూసింది, ఛాతీ చూసింది, అడగాల్సిన ప్రశ్న కూడా అడిగింది.

"ఈమధ్య ఎక్కడికైనా ప్రయాణం చేశారా?"

మావారు వెంటనే అందుకున్నారు. "లేదండీ, ఈ ఏడు వెళ్ళలేదు. డిసెంబరులో వెళ్దామనుకుంటున్నాం."

నేను కూడా తలూపాను. అబద్ధం చెప్పాలని కాదు. మా ఇద్దరి లెక్కలో ప్రయాణం అంటే ఇండియా వెళ్ళడం. పెట్టెలు సర్ది, తూకం వేసి, తీసి, మళ్ళీ సర్ది, చుట్టాలందరికీ తలా ఒక చాక్లెట్ పొట్లం పెట్టుకుని బయల్దేరితే అది ప్రయాణం. ల్యాప్‌టాప్ భుజాన వేసుకుని వెళ్ళొచ్చింది ఆఫీసు పని. ఆ జవాబు తప్పని మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. ఆవిడ వైరల్ జ్వరంలా ఉందని చెప్పి, నీళ్ళు బాగా తాగమని, తగ్గకపోతే వెంటనే రమ్మని పంపించింది.

గురువారం పొద్దున మా అమ్మాయి హాసిని కాలేజీకి వెళ్తూ నా గదిలోకి తొంగిచూసింది. దానికి పదిహేడేళ్ళు. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం ఐరిష్ యాసలో ఇంగ్లిష్‌లోనే వస్తుంది.

"మామ్, యువర్ ఐస్ ఆర్ యెల్లో."

నేను దానికి ఏదో పని చెప్పాను. నారింజ రిబ్బన్ కట్టిన గిన్నె తియ్యమన్నాను. మా ఇంట్లో అలాంటి గిన్నె లేదు. నేను మళ్ళీ మళ్ళీ అదే అడుగుతుంటే, దాన్ని విసుక్కుంటుంటే, పిల్ల భయపడిపోయి ఏడుస్తూ వాళ్ళ నాన్నని పిలిచింది. ఆ రిబ్బన్ గిన్నె సంగతి ముందుకు వెళ్ళాక చెబుతాను. అప్పటికి నాకు మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వస్తోంది. ఆ మాట మావారికి చెప్పడానికి సిగ్గుపడి రెండు రోజులుగా దాచాను.

ఆసుపత్రి ఎమర్జెన్సీలో నన్ను నడవాలో ట్రాలీ మీద పడుకోబెట్టారు. రక్తం తీశారు, సెలైన్ పెట్టారు. మళ్ళీ అదే ప్రశ్న, మావారిది మళ్ళీ అదే జవాబు. కాసేపటికి ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. నా పేరు చూసి, మొహం చూసి, తెలుగులో పలకరించాడు.

"నేను శ్రావణ్, ఆంటీ. మాది వరంగల్. ఎట్లుంది ఇప్పుడు?"

అంత జ్వరంలోనూ ఆ 'ఆంటీ' నాకు చెవికి తగిలింది. కానీ ఆ తెలుగు విన్నాక గుండె కరిగి కన్నీళ్ళొచ్చేశాయి. ఐదు రోజులుగా పళ్ళ బిగువున ఉన్నదంతా సడలిపోయింది. అతను నా పొట్ట నొక్కి చూస్తూ, మాటల్లో పెడుతూ అడిగాడు.

"ఏమన్న తిన్నరా ఆంటీ? మంచిగ తిని ఎన్ని దినాలైంది?"

"అక్రాలో తిన్నాను బాబూ. గుత్తివంకాయ. ఎంత బాగా కుదిరిందో."

అతని చెయ్యి నా పొట్ట మీద అలాగే ఆగిపోయింది.

"అక్రానా? అదేడుంది? ఘానాల ఉన్నదా?"

"ఆఁ. ఎఫువా ఆంటీ హోటల్లో."

"ఎప్పుడొచ్చిన్రు అక్కడికెల్లి?"

నేను చెప్పే లోపల మావారు చెప్పారు. చెబుతుంటేనే ఆయన మొహం పాలిపోయింది. మలేరియా మాత్రలు వేసుకున్నారా అంటే వేసుకున్నానన్నాను. వచ్చినంక కూడ వేసుకున్నరా అంటే, వేడి చేస్తే ఆపేసిందండీ అన్నారు మావారు, చాలా మెల్లగా. శ్రావణ్ గబగబా వెళ్ళి ఎవరితోనో మాట్లాడాడు. వెళ్తూ నర్సుతో మలేరియా బ్లడ్ ఫిల్మ్, ఇప్పుడే, అర్జెంట్ అనడం వినిపించింది.

నేను ఇన్నాళ్ళూ ఎంతమందికో ఈ సంగతి చెప్పుకున్నాను, చెప్పుకున్న ప్రతిసారీ ఒళ్ళు జలదరిస్తుంది. ప్రయాణం చేశారా అని అడిగితే రాని జవాబు, సరిగ్గా తిన్నదెప్పుడు అని అడిగితే వచ్చింది. నాకు లేని తెలివి నా నాలుకకి ఉంది.

గంట తిరక్కుండానే కన్సల్టెంట్ వచ్చింది. తెల్లజుట్టు, తొందరలేని గొంతు. మంచం పట్టె మీద కూర్చుని నా చెయ్యి పట్టుకుంది.

"పద్మజా, ఇది ఫాల్సిపారం మలేరియా. మలేరియాల్లో ప్రమాదమైనది ఇదే. నీ రక్తంలో పారాసైట్ కౌంట్ చాలా ఎక్కువగా ఉంది. కిడ్నీల మీద, లివర్ మీద ప్రభావం కనిపిస్తోంది. ప్లేట్‌లెట్స్ బాగా పడిపోయాయి. ఇంకో రోజు ఇంట్లోనే ఉంటే నీతో నేను ఇలా మాట్లాడగలిగేదాన్ని కాదేమో. మందు మాత్రం మంచి మందుంది. ఇప్పుడే మొదలుపెడుతున్నాం."

ఆ మందు పేరు ఆర్టీసునేట్. నరంలోకి ఎక్కించారు. నన్ను హెచ్‌డీయూకి, అంటే ఐసీయూకి ఒక మెట్టు కింది వార్డుకి, మార్చారు. తలచుట్టూ మెషిన్లు, వేలికి క్లిప్పు, ఎప్పటికప్పుడు రక్తం తీసుకెళ్ళే నర్సులు. మావారు కుర్చీలో కూర్చుని మెషిన్ మీది అంకెలనే చూస్తూ ఉండేవారు. ఆయనకి వాటి అర్థం తెలియదు. ఏ అంకె మారినా నర్సు మొహం చూసేవారు.

నేను మాత్రం అక్కడ లేను. నిజం చెబుతున్నాను, నేను ఆ మూడు రోజుల్లో ఎక్కువసేపు అక్రాలోనే ఉన్నాను.

ఆఫీసు వాళ్ళు మొదట నాకు విమానాశ్రయం దగ్గర పెద్ద హోటల్లో గది తీశారు. మా డబ్లిన్ టీము అంతా అక్కడే. అద్దాలు, ఏసీ, పూలకుండీలు. నాకేమో తినడానికి బ్రెడ్డూ, బంగాళాదుంప వేపుడూ. శాకాహారం అంటే ఆ వంటవాళ్ళు చికెన్ తీసేసి మిగతాది పెట్టేవాళ్ళు. వారం తిరిగేసరికి నా మొహం మాడిపోయింది. బ్యాంకులో పనిచేసే ఒకమ్మాయి చూసి జాలిపడి, వాళ్ళ పేటలోనే ఎఫువా ఆంటీ హోటల్ ఉందనీ, ఆవిడ అడిగితే వంటింట్లోకి రానిస్తుందనీ చెప్పింది. ఆ సాయంత్రమే పెట్టె సర్దేశాను. టీము వాళ్ళు నాకు మతిపోయిందనుకున్నారు.

అదొక రెండంతస్తుల నీలిరంగు ఇల్లు. మధ్యలో వాకిలి, చుట్టూ గదులు. గదిలో మంచం, ఫ్యాను, దోమతెర, ఒక ప్లాస్టిక్ కుర్చీ. స్నానానికి బకెట్టూ చెంబూ. కరెంటు ఎప్పుడు పోతుందో ఆ దేవుడికే తెలియాలి. పోగానే అన్ని గదుల్లోంచీ ఒకేసారి "అబ్బా" అన్న అర్థం వచ్చే కూత వినిపించేది. నా చిన్నప్పుడు కాకినాడలో మా వీధి కూడా సరిగ్గా అలాగే కూసేది. వాకిట్లో వేపచెట్టు. ఆఫ్రికాలో వేపచెట్టేమిటని నేను ఆశ్చర్యపోతే, ఇది మా చెట్టే, మీకెలా తెలుసు అని ఆవిడ ఆశ్చర్యపోయింది.

ఎఫువా ఆంటీకి అరవై దాటి ఉంటాయి. భారీ మనిషి, గట్టి గొంతు. అక్కడ కూడా పెద్దవాళ్ళని ఆంటీ అనే పిలుస్తారు, కాబట్టి నాకు వేరే వరస వెతుక్కోవాల్సిన పని పడలేదు. నేను చేప తిననని చెబితే ఆవిడకి ఎంతకీ మింగుడుపడలేదు.

"అస్సలు తినవా? పోనీ ఎండుచేప పొడి? చిటికెడు? రుచి కోసం?"

"చిటికెడు కూడా వద్దు ఆంటీ."

"మరి నువ్వు ఇంత పొడుగెలా పెరిగావు?"

అంతలా ఎగతాళి చేసిన మనిషి, మర్నాడు సాయంత్రం నేను బ్యాంకు నుంచి వచ్చేసరికి ఒక గిన్నె విడిగా తీసి, తోమి, దాని చెవికి నారింజ రంగు రిబ్బన్ కట్టి పెట్టింది. వంటింట్లో పనిచేసే వాళ్ళందరినీ పిలిచి, ఈ గిన్నెలోకి చేప వచ్చిందంటే వీపు విమానం మోత మోగిపోతుందన్న ధోరణిలో వాళ్ళ భాషలో చెప్పింది. అది పద్మ గిన్నె అయింది.

వంట వాకిట్లోనే, బొగ్గుల కుంపటి మీద. మన కుంపటే, కాకపోతే ఇనుముది. అక్కడ తెల్లగా, కోడిగుడ్డంత ఉండే వంకాయలు దొరుకుతాయి. వేరుశనగ ముద్ద ప్రతి కొట్టులోనూ ఉంటుంది, వాళ్ళు దాంతో చారు కాస్తారు. అవి రెండూ చూశాక నా చేతులు ఊరుకోలేదు. నా దగ్గర చింతపండు ఉంది, కారం ఉంది. గుత్తివంకాయ చేశాను. ఆవాలు చిటపటలాడి ఎండుమిరపకాయ ఘాటు లేచేసరికి పై అంతస్తులో బస చేసిన వ్యాపారులందరూ తుమ్ముకుంటూ బయటికొచ్చారు. ఎఫువా ఆంటీ చీర కొంగులాంటి తన గుడ్డని ముక్కుకి అడ్డం పెట్టుకుని, నువ్వు మమ్మల్ని చంపడానికి వచ్చావా, వండడానికి వచ్చావా అంది. తర్వాత గిన్నె అడుగు తనే ఊడ్చుకుంది.

అక్కడొక పద్ధతి ఉంది. అన్నం ముందు కూర్చున్నవాళ్ళు, ఎదురుగా ఎవరు కనబడినా, తెలిసినా తెలియకపోయినా, "మీరూ రండి" అనాలి. అనకుండా తింటే మర్యాద కాదు. నేను గేటు తెరిచే చప్పుడుకే ఎఫువా ఆంటీ కంచంలోంచి తలెత్తి ఆ మాట అనేది. మా అమ్మ పోయాక, నేను ఇంట్లో అడుగుపెట్టగానే అన్నానికి రమ్మన్న మనిషి మరొకరు లేరు. నేనే పిలవాలి అందరినీ. నలభై ఎనిమిదేళ్ళొచ్చిన నాకు, పని చేసి అలసి వచ్చేసరికి ఒకళ్ళు పిలవడం ఎంత హాయిగా ఉండేదో ఎలా చెప్పను?

రాత్రి దోమతెర లోపల మహారాణిలా పడుకునేదాన్ని. దోమ కుట్టింది అప్పుడు కాదు. సాయంత్రం చీకటి పడేవేళ, వంకాయలు మగ్గుతుంటే, కాళ్ళకి ఏమీ రాసుకోకుండా కుంపటి ముందు ముక్కాలిపీట మీద కూర్చుని కబుర్లు చెబుతున్నప్పుడే కుట్టి ఉంటుంది. రోజు మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఆ గంటలోనే. దానికి నేను ఆ గంటని తిట్టుకోలేకపోయాను, ఇప్పటికీ తిట్టుకోలేను.

హెచ్‌డీయూ నుంచి వార్డుకి వచ్చాను. పారాసైట్ కౌంట్ సున్నాకి దిగిందని చెప్పడానికి శ్రావణ్ డ్యూటీ అయిపోయాక ప్రత్యేకంగా వచ్చాడు. "ఇగ భయం లేదాంటీ. కానీ వారం వారం రక్తం చూపించుకోవాలె. నెల రోజులు. మానొద్దు" అని గట్టిగా చెప్పాడు. మానను బాబూ అన్నాను. నాకు నవ్వొచ్చింది, అతనికి రాలేదు.

ఇంటికొచ్చాక పది రోజులు బాగానే ఉన్నాను. ఆ తర్వాత మెట్లెక్కితే ఆయాసం. చెవుల్లో హోరు. అద్దంలో చూసుకుంటే పెదాలు కాగితంలా తెల్లగా ఉన్నాయి. నీరసమేలే అని సరిపెట్టుకునేదాన్నే, వారం పరీక్ష ఉండబట్టి సరిపోయింది. ఆ సాయంత్రమే ఫోనొచ్చింది, హిమోగ్లోబిన్ సగానికి పడిపోయింది, వెంటనే రండి అని. మళ్ళీ అదే ఆసుపత్రి.  మలేరియా తిరగబెట్టిందనుకున్నాం.

"తిరగబెట్టలేదు" అంది కన్సల్టెంట్. "దీన్ని డిలేడ్ హీమోలిసిస్ అంటారు. ఆ మందు వాడినవాళ్ళలో కొందరికి వస్తుంది. పురుగు చచ్చిపోయింది, కానీ అది పట్టిన ఎర్రకణాలు ఇప్పుడు విరిగిపోతున్నాయి. రక్తం ఎక్కిస్తాం, నీ ఒళ్ళే మళ్ళీ తయారుచేసుకుంటుంది."

రెండు బ్యాగుల రక్తం ఎక్కించారు. ఎవరో ఐర్లండ్ మనిషి ఇచ్చిన రక్తం. ఇకమీదట కాస్త ఎండ కాస్తే చాలు, నీకు కూడా మాడిపోతున్నట్టే ఉంటుందని మావారు హాస్యమాడారు. అన్ని రోజుల తర్వాత ఆయన హాస్యమాడటం అదే మొదటిసారి.

ఇంటికొచ్చి నెమ్మదిగా కోలుకుంటుంటే ఒక సంగతి మనసులో గుచ్చుతూ ఉండేది. ఎఫువా ఆంటీ నాకు ఫోన్ చెయ్యలేదు. నేను తిరిగొచ్చాక రోజు మార్చి రోజు చేసే మనిషి. నేను చేస్తే ఎత్తడం లేదు. ఒకరోజు భోజనాల దగ్గర ఆ మాటే అన్నాను.  హాసిని వాళ్ళ నాన్న వంక చూసింది.

"డాడ్, టెల్ హర్."

అప్పుడు చెప్పారు. నేను హెచ్‌డీయూలో ఉండగా ఆవిడ నా ఫోన్‌కి చేసిందట. ఈయన ఎత్తి, మీ హోటల్ వల్లే నా భార్య చావుబతుకుల్లో ఉంది, ఇంకెప్పుడూ చెయ్యకండి అన్నారట.

"నువ్వు బతుకుతావో లేదో తెలియట్లేదు నాకు" అన్నారు తల వంచుకుని. "ఎవరినో ఒకర్ని తిట్టాలి. ఆవిడ దొరికింది."

నాకు కోపం వచ్చింది. ఏడుపు వచ్చింది. ఆయన మీద ఎంత కోపగించుకుందామన్నా, మెషిన్ ముందు కూర్చున్న ఆ మొహం గుర్తొచ్చేది. ఆ హోటల్ మాట ఎత్తితే మావారు లేచి వెళ్ళిపోయేవారు. ఎఫువా ఆంటీ నా ఫోన్ ఎత్తేది కాదు. జ్వరంలో ప్రాణం దక్కింది గానీ, ఆ వాకిలి నాకు దక్కకుండా పోయిందనుకున్నాను.

ఆగస్టు చివర్లో, స్టవ్ ముందు నిలబడే ఓపిక వచ్చాక, మొట్టమొదట చేసింది గుత్తివంకాయే. తెల్ల వంకాయలు ఇక్కడ దొరకలేదు. ఏషియన్ షాపులో చిన్నవి దొరికాయి, వేరుశనగ ముద్ద అక్కడి పద్ధతిలోనే నూనె తేలేదాకా వేయించాను. మావారు రెండుసార్లు వడ్డించుకున్నారు. మూడోసారి అడిగారు.

"ఇది ఎప్పుడూ చేసేది కాదు కదా. ఎక్కడిది?"

చెప్పాను. రిబ్బన్ గిన్నె దగ్గర్నుంచి, వ్యాపారుల తుమ్ముల దాకా, అన్నీ చెప్పాను. అమ్మ పోయాక నన్ను అన్నానికి పిలిచిన మాట కూడా చెప్పాను. హాసిని, ఇంట్లో లేని గిన్నె కోసం తనని ఎందుకు తిట్టానో అప్పటికి గానీ తెలియక, వచ్చి నా భుజం మీద తల పెట్టుకుంది. మావారు చెయ్యి కడుక్కుని, నా ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్ళబోయారు. నా ఫోన్ అయితే ఎత్తదని చెప్పాను. అయితే తన ఫోన్‌తో చేస్తానని, నంబరు ఎక్కించుకుని వెళ్ళారు.

కిటికీలోంచి ఆయన వీపు కనిపిస్తోంది. తల ఊపుతున్నారు. చెయ్యి గుండెల మీద పెట్టుకున్నారు. చాలాసేపటికి లోపలికొచ్చి ఫోన్ నా చేతికిచ్చారు. తెర మీద ఎఫువా ఆంటీ మొహం. కళ్ళు తుడుచుకుంటోంది.

"నీకు నా వాకిట్లోనే జబ్బు అంటుకుందని తెలిశాక ఏ మొహం పెట్టుకుని మాట్లాడను పద్మా?" అంది. "నీ గిన్నె అలాగే ఉంది. రిబ్బన్ విప్పలేదు. అందులో చేప పడనివ్వలేదు."

ఏమన్నానో తెలియదు. ఇద్దరం ఏడ్చాం, ఇద్దరం నవ్వాం, మధ్యలో కరెంటు పోయి వాళ్ళ ఇంట్లో ఆ పాత కూత వినిపించింది. ఆ కూత వినేసరికి నాకు నిజంగా జబ్బు నయమైనట్టనిపించింది.

బ్యాంకు పని రెండో విడత ఈ జనవరిలో పడింది. కన్సల్టెంట్‌ని అడిగితే, వెళ్ళొచ్చు, మాత్రలు మాత్రం మానకూడదంది. నాకు వేరే రకం మాత్ర ఇచ్చారు, మంట లేదు. ఈసారి మావారు సెలవు పెట్టి నాతో వచ్చారు. కాళ్ళకి మందు రాసుకుని, పొడుగు చేతుల చొక్కా వేసుకుని, కుంపటి దగ్గర ముక్కాలిపీట మీద నా చోటు ఆయన ఆక్రమించారు. ఎఫువా ఆంటీ ఆయనకి విసనకర్ర ఇచ్చి బొగ్గులు రాజెయ్యమంది. వచ్చేటప్పుడు నాకంటే ఆయనే ఎక్కువసార్లు వెనక్కి తిరిగి చూశారు.

శ్రావణ్ జులైలోనే లెటర్‌కెన్నీ ఆసుపత్రికి మారిపోయాడు. అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. ఇప్పుడు జ్వరమని వచ్చిన ప్రతి ఒక్కరినీ, ప్రయాణం చేశారా అని అడిగి ఊరుకోడట. లాస్ట్ మంచిగ ఎప్పుడు తిన్నరు, ఏడ తిన్నరు అని కూడా అడుగుతాడట. "నర్సులు నవ్వుతున్నరాంటీ, నవ్వనియ్యి" అన్నాడు.

ఇది చదివేవాళ్ళకి నేను చెప్పే మాట ఒక్కటే. జ్వరమని డాక్టరు ముందు కూర్చున్నప్పుడు, వాళ్ళు అడిగినా అడగకపోయినా, ఈ ఏడాదిలో మీరు కాలు పెట్టిన ప్రతి దేశం పేరూ ముందు చెప్పండి. ఆఫీసు పని అయినా, రెండు రోజులైనా, అది ప్రయాణమే.

మేం వచ్చి మూడు వారాలైంది. మావారివి డాక్సీసైక్లిన్ మాత్రలు, ఇంకా వారం వేసుకోవాలి. ఇందాక భోజనానికి కూర్చోగానే గుండెల మీద చెయ్యి రుద్దుకుంటూ మొదలెట్టారు.

"పద్మా, వేడి చేస్తోందే. ఇక్కడ దోమలెక్కడున్నాయి?"

"క్లినిక్‌కి ఫోన్ చేద్దాం, మారుస్తారు. మార్చేదాకా ఇదే."

"మజ్జిగతో వేసుకోనా?"

"మజ్జిగ తర్వాత. ముందు నీళ్ళతో మాత్ర."

అంతలో ఫోన్ మోగింది. తెర మీద ఎఫువా ఆంటీ, ఎదురుగా కంచం, వెనకాల వేపచెట్టు. మా ఇద్దర్నీ చూడగానే చెయ్యి ఊపి, మీరూ రండి అంది. మావారు గబుక్కున మాత్ర నోట్లో వేసుకుని, గ్లాసెడు నీళ్ళు తాగి, ఖాళీ చెయ్యి ఆవిడకి చూపించారు.

"వస్తున్నాం ఆంటీ" అన్నారు.